రౌతు కొద్దీ గుర్రం: పందెం వదిలిన బంటీతో పద్నాలుగు వారాలు

"సార్, దీనికి ఇంకాస్త గట్టి కళ్ళెం ఏదైనా దొరుకుతుందా?"

గుర్రాలకి శిక్షణ ఇచ్చే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. గుర్రం ఆగట్లేదు, చేతులు పీకేస్తోంది, కాబట్టి నోట్లో ఇనుము మార్చాలి. జులై రెండో వారంలో మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్ నుంచి ఫోన్ చేసిన ఆవిడా అదే అడిగారు. వయసు ముప్పై ఆరు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎనిమిది నెలలు ఒక క్లబ్బులో స్వారీ నేర్చుకున్నారు. ఆ తర్వాత ఉత్సాహం ఆగక, మలక్‌పేట పందేల నుంచి దిగిపోయిన గుర్రాన్ని కొనేశారు. రేటింగ్ పడిపోయిన పందెం గుర్రం చవగ్గా వస్తుంది. కొనేవరకే ఆ చవక, ఆ తర్వాత నెల నెలా ఖర్చు మాత్రం ఖరీదైన గుర్రానికి అయినంతే అవుతుంది.

గుర్రం పేరు బంటీ. ఆరేళ్ళ థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి), విత్తులు తీసిన మగది. మూపు దగ్గర పదిహేను హ్యాండ్ల మూడంగుళాలు, అంటే మన లెక్కలో అయిదడుగుల మూడంగుళాలు. బరువు కొలిచే టేపు చుట్టి చూస్తే 440 కిలోలు. ఎర్రటి గోధుమరంగు ఒళ్ళు, నల్ల జూలు, నుదుటి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. మూడు సీజన్లు పరిగెత్తింది. కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి, పైకి చూస్తే నొప్పులున్నట్టు కూడా కనపడలేదు. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఏదో జరగబోతోందన్నట్టు చూస్తుంటాయి.

మొదటి రోజు

మొదటి రోజు నేను గుర్రాన్ని ముట్టుకోను, రౌతుని సరిదిద్దను. స్టూలు వేసుకుని నోట్‌బుక్‌తో కూర్చుంటాను. ఆ ఆదివారం పొద్దున ఆరింటికి రాసుకున్నవి ఇవీ. ఆవిడ రికాబులో కాలు పెట్టగానే బంటీ నడక మొదలుపెట్టింది, గుర్రాన్ని చూసుకునే సాయిస్ కళ్ళెం పట్టుకుని వేలాడుతున్నాడు. నడకలోనే మెడ పైకెత్తి, ముక్కు ముందుకు చాచింది. ట్రాట్‌లోకి, అంటే చిన్న పరుగులోకి వచ్చాక అడుగులు కురచగా, హడావుడిగా పడ్డాయి. గేటు మూల దగ్గర ఆవిడకి టెన్షన్ వచ్చి, పగ్గాలు కురచ చేసి రెండు చేతులా వెనక్కి లాగారు. గుర్రం వేగం పెంచింది. ఆవిడ ముందుకు వంగారు, మోకాళ్ళు జీనుకి బిగించారు, మడమలు పైకి లేచాయి. ఇంక దౌడే. నలభై మీటర్ల ఇసుక అరీనాలో మూడు చుట్లు కొట్టి, దానికి విసుగొచ్చాక ఆగింది.

ట్రాక్ మీద పొద్దున్నే గుర్రాన్ని పరిగెత్తించే రైడింగ్ బాయ్‌ని ఎప్పుడైనా చూశారా? రికాబులు బాగా కురచగా ఉంటాయి. కూర్చున్న చోటు జీనుకి ఆనదు. ఒళ్ళు మెడ మీదికి వంగి ఉంటుంది. రెండు పగ్గాలూ ఒకదాని మీద ఒకటి వేసి, గుర్రం మెడకి ఆనించి బిగించి పట్టుకుంటాడు. గుర్రం ఆ బిగువు మీదే బరువు వేసి పరిగెడుతుంది. పగ్గం బిగిసిందంటే పని మొదలైందని దానికి అర్థం.

ఇప్పుడు భయపడ్డ మనిషిని చూడండి. ముందుకు ముడుచుకుంటాడు, మోకాళ్ళు పైకి లాక్కుంటాడు, చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. పాపం ఆవిడకి తెలియకుండానే, భయం ఆవిణ్ణి అచ్చం జాకీలా కూర్చోబెడుతోంది. బ్రేకనుకుని ఆవిడ తొక్కుతున్నది యాక్సిలరేటర్. బంటీ మూడు సీజన్లు నేర్చుకున్న పాఠాన్ని పొల్లుపోకుండా ఒప్పజెబుతోంది.

ఎక్కేటప్పుడు నిలబడకపోవడం కూడా ఆ బాపతే. పందేల దగ్గర జాకీ నేల మీంచి రికాబులో కాలు పెట్టి ఎక్కడు. గుర్రం నడుస్తుండగానే ఎవరో ఒకరు కాలు పట్టి పైకి ఎత్తుతారు. మనిషి ఎక్కుతుంటే కదలకుండా నిలబడాలని బంటీకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

రౌతు కొద్దీ గుర్రం అని సామెత ఉండనే ఉంది. ఆ రోజు నోట్‌బుక్‌లో కింద అదే రాసి గీత కూడా గీశాను. గీత గీసినవాణ్ణే ఎనిమిదో వారం దాకా దాన్ని మర్చిపోయాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

వీపు, నోరు, పొట్ట

శిక్షణ మొదలుపెట్టే ముందు నొప్పి లేదని తేల్చుకోవాలి. దీనికి మినహాయింపు పెట్టుకోను. నొప్పితో పరిగెత్తే గుర్రానికి ఎంత నేర్పినా అది నొప్పి నుంచి పారిపోవడమే నేర్చుకుంటుంది.

ముందు జీను. క్లబ్బులో ఎవరో వాడి వదిలేసిన కాన్పూరు జీను అది, వెడల్పాటి వీపున్న గుర్రానికి కుట్టింది. థరోబ్రెడ్‌కి మూపు ఎత్తుగా, సన్నగా ఉంటుంది. పైగా పందేలు మానేసి మూలన కట్టేసి ఉంచితే మూపు వెనక కండ తగ్గి రెండు వైపులా గుంటలు పడతాయి. వెడల్పు జీను ఆ గుంటల్లోకి దిగిపోతుంది. కూర్చున్నాక మూపుకీ జీనుకీ మధ్య కనీసం రెండు వేళ్ళు పట్టాలి, ఇక్కడ నా చిటికెన వేలు కూడా దూరలేదు.

బంటీ బాగా చెమట పట్టి ఉంది కాబట్టి సాయిస్‌ని జీను తీసి, తుడవకుండా అలాగే ఉంచమన్నాను. వీపంతా తడిసి నల్లగా మెరుస్తోంది. మూపుకి అటూ ఇటూ మాత్రం అరచెయ్యంత మేర పొడిగా ఉంది, అక్కడ వెంట్రుకలు నలిగి అడ్డదిడ్డంగా పడుకున్నాయి. చుట్టూ అంత చెమట ఉండి, మధ్యలో పొడి మచ్చ ఉందంటే అక్కడ ఒత్తిడి మరీ ఎక్కువై చెమట గ్రంథులు పని చేయలేదేమో అని అనుమానించాలి. వేలితో మెల్లగా నొక్కితే బంటీ నడుం కిందికి దించేసింది, చెవులు వెనక్కి పడ్డాయి. ఆవిడ ముందుకు వంగిన ప్రతిసారీ ఆవిడ బరువంతా సరిగ్గా ఆ రెండు మచ్చల మీదే పడుతోంది. ఇది నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడే ఆ పొడి మచ్చ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడిపోయారు.

నోరు తెరిచి చూస్తే పై దవడ పళ్ళకి బుగ్గ వైపు అంచులు కత్తుల్లా ఉన్నాయి. గుర్రం పళ్ళు జీవితంలో చాలా కాలం పైకి వస్తూనే ఉంటాయి, నమిలేకొద్దీ ఒక వైపే అరిగి అంచులు మొనదేలుతాయి. కళ్ళెం పట్టీ బిగిస్తే ఆ మొనలు బుగ్గలో దిగుతాయి. గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టు అని మనవాళ్ళు దండగ పనికి సామెత చెప్పారు గానీ, స్వారీ చేసే గుర్రానికి ఏడాదికోసారి పళ్ళు చూపించి అంచులు అరగదీయించడం దండగ కాదు. బంటీకి మత్తుమందు ఇచ్చి అరగంటలో ఆ పని అయింది.

పొట్ట సంగతి పట్టించింది డాక్టరూ కాదు, నేనూ కాదు. వికారాబాద్ వైపు నుంచి వచ్చిన సాయిస్, యాభై దాటిన మనిషి. "సార్, దాణా పెట్టంగనే ఆగమాగం తింటది. నడుమల ఇడిసిపెట్టి గోడ దిక్కు జూస్తది. గర్త్ బిగిస్తుంటే నా చెయ్యి కొరకనీకె వస్తది. మా మేడమ్‌కు చెప్తే పొగరనుకున్నరు" అన్నాడు. దాణా మధ్యలో వదిలేయడం, పొట్ట కింద పట్టీ బిగిస్తే కొరకడం, రెండూ కలిస్తే నేను కడుపులో పుండ్ల సంగతి ఆలోచిస్తాను. గుర్రం కడుపులో యాసిడ్ తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. అది రోజుకి పదహారు గంటలు గడ్డి మేసేలా పుట్టిన జంతువు. పందెం లాయంలో కిలోల కొద్దీ ఓట్స్ పెట్టి, గడ్డి తగ్గించి, దౌడు తీయిస్తే ఆ యాసిడ్ ఎగసి కడుపు పైభాగానికి తగులుతుంది. అక్కడ దాన్ని తట్టుకునే పొర లేదు. పందెం గుర్రాల్లో ఈ జబ్బు చాలా మామూలు. పందెం గుర్రాలు చూసే డాక్టరు ఒకాయన రాత్రంతా పస్తు ఉంచమని చెప్పి, పొద్దున మూడు మీటర్ల కెమెరా గొట్టం వేసి చూశాడు. తెరమీద ఎర్రగా నాలుగైదు పుండ్లు కనిపించాయి. ఒమెప్రజోల్ పేస్టు 28 రోజులు రాశాడు. మన ఇళ్ళల్లో గ్యాస్‌కి వేసుకునే మందే, కాకపోతే మోతాదు కిలో బరువుకి 4 మిల్లీగ్రాములు.

దాణా మార్చాం. రోజుకి నాలుగు కిలోల ఓట్స్‌ని పన్నెండు రోజుల మీద ఒక కిలోకి దించాం. దాణా ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వచ్చి చచ్చే ప్రమాదం ఉంది, గుర్రానికి వాంతి కూడా రాదు. ఎండుగడ్డి తొమ్మిది కిలోల దాకా పెంచి, నాలుగు వేళల్లో పెట్టించాం. స్వారీకి అరగంట ముందు రెండు గుప్పిళ్ళ లూసర్న్ అనే పశువుల మేత. కడుపులో గడ్డి పొర ఉంటే యాసిడ్ పైకి ఎగజిమ్మదు, లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ కాబట్టి కొంత విరుగుడు కూడా. ఉలవలు ఉడికించి పెట్టడం మన దగ్గర పాత అలవాటు, నేను కాదనను గానీ బంటీలాంటి గుర్రానికి మందు వాడే నాలుగు వారాలు వద్దన్నాను. ఇక లాడాలు: నాల్‌బంద్ వచ్చి పందెం అల్యూమినియం పలకలు తీసి మామూలు ఇనుప లాడాలు కొట్టాడు, పెద్దగా చెప్పేదేం లేదు.

నేల మీద నాలుగు వారాలు

మందు వాడిన 28 రోజులూ ఎవరూ ఎక్కలేదు. యజమానురాలికి అది నచ్చలేదు. "ఎక్కకుండా ట్రైనింగ్ ఏంటి సార్?" అన్నారు. నేను చేసిందల్లా పొద్దున ఇరవై నిమిషాలు బంటీని నిలబెట్టడం, ఒక అడుగు వెనక్కి వేయించడం, ఒక అడుగు ముందుకి, మళ్ళీ నిలబెట్టడం.

ఇందులో కిటుకంతా వదలడంలో ఉంది. తాడు చివర రెండు వేళ్ళతో పట్టుకుని గుర్రం ఛాతీ వైపు కొద్దిగా ఒత్తిడి ఇస్తాను. మొదటి రోజు బంటీ తల ఎగరేసింది, నన్ను తోసింది, పక్కకి తిరిగింది. ఒత్తిడి పెంచలేదు, వదల్లేదు. పదకొండు సెకన్లకి దాని ముందు కాళ్ళ మీది బరువు వెనక కాళ్ళ మీదికి జరిగింది. అడుగు ఇంకా వేయలేదు, మోకాలు కొద్దిగా వదులైందంతే. ఆ క్షణంలోనే తాడు వదిలేశాను. అది నాలిక ఆడించి, తల దించి నిట్టూర్చింది. అడుగు పూర్తిగా పడేదాకా ఆగి ఉంటే ఆలస్యమయ్యేది. గుర్రం ఏ క్షణంలో ఒత్తిడి పోయిందో ఆ క్షణంలో తాను చేస్తున్నదాన్నే నేర్చుకుంటుంది. తల ఎగరేసినప్పుడు మీరు వదిలేస్తే తల ఎగరేయడం నేర్పినట్టే. అయిదో రోజుకి వేలు కదిపితే చాలు, వెనక్కి అడుగు వేసేది.

మెట్ల పీట దగ్గర నిలబడటం దీని తర్వాత వచ్చింది. పీట దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టడం, నేను పీట ఎక్కి దిగడం, వీపు మీద చెయ్యి వేసి తీయడం, పొట్ట ఆనించి దిగడం. కదిలితే తిట్టను, కొట్టను, నిశ్శబ్దంగా మొదట నిలబడ్డ చోటికే మళ్ళీ తెచ్చి నిలబెడతాను. ఇది ఆరు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే మహా బోరు పని. గుర్రాల శిక్షణలో సినిమాల్లో చూపించని భాగమే ఎక్కువ.

నేను చేసిన రెండు తప్పులు

అయిదో వారం రెండోసారి కెమెరా వేసి చూస్తే పుండ్లు మానాయి. సరిపోయే జీను అద్దెకి తెచ్చి నేను ఎక్కాను. నడకలో పది అడుగులు, ఆగు. మళ్ళీ పది, ఆగు. ట్రాట్‌లో ఇరవై మీటర్ల వలయాలు. గట్టిగా ఊపిరి వదిలి, నడుం నిటారుగా చేసి, తొడలు మూసి, ఆఖర్న బయటి పగ్గం (వలయానికి బయటి వైపుది) వేళ్ళతో పిండి వదిలితే ఆగాలి. పగ్గం ఆఖరి మాట, మొదటి మాట కాదు. రెండు పగ్గాలూ కలిపి లాగితే 440 కిలోల జంతువుతో తాడాట ఆడినట్టే, ఎవరు గెలుస్తారో తెలిసిందే.

మూడో రోజు వాన పడి ఇసుక బరువెక్కింది. పక్క పొలంలో ట్రాక్టరు స్టార్టయ్యేసరికి బంటీ నన్ను కూడా ఒకటిన్నర చుట్టు లాక్కెళ్ళింది. నాకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి, ఎన్‌సీసీ గుర్రాల మీద నేర్చుకున్నవాణ్ణి! మర్నాడు స్నాఫిల్ అనే మామూలు కళ్ళెం తీసేసి, గడ్డం కింద గొలుసుండే పెల్హామ్ కళ్ళెం తగిలించాను. ఫోన్లో ఆవిడకి వద్దని చెప్పిన గట్టి కళ్ళెం అదే మరి. ఫలితం వెంటనే కనిపించింది. బంటీ గడ్డం ఛాతీకి ఆనించేసి, ఇనుముకి అందకుండా ముడుచుకుని, ముందుకన్నా వేగంగా పరిగెత్తింది. పగ్గాల్లో ఏమీ తెలియట్లేదు, ఖాళీ. నాలుగు స్వారీలకే తీసేశాను. పోయిన నమ్మకం తిరిగి రావడానికి పది రోజులు పట్టింది. మధ్యలో రెండు కీళ్ళుండే స్నాఫిల్‌తో మళ్ళీ నడక నుంచి మొదలు.

ఏడో వారం చివరికి నా కింద బంటీ బాగా నడుస్తోంది. తల దించింది, ట్రాట్ లయ కుదిరింది, కాంటర్ (ట్రాట్‌కీ దౌడుకీ మధ్య పరుగు) నుంచి నడకలోకి ఊపిరితోనే దిగుతోంది. వీడియో తీసి ఆవిడకి పంపాను, చాలా సంబరపడ్డారు. ఎనిమిదో వారం శనివారం ఆవిణ్ణి ఎక్కించాను. లంజ్ తాడు (నేల మీద నిలబడి గుర్రాన్ని చుట్టూ తిప్పే పొడుగాటి తాడు) వేయాల్సింది, వేయలేదు. నేను తయారు చేసిన గుర్రాన్ని చూపించుకోవాలన్న ఆత్రం తప్ప దానికి వేరే కారణం ఏమీ లేదు. నాలుగు నిమిషాలు బాగానే జరిగింది. గేటు మూల వచ్చింది. ఆవిడకి జులై గుర్తొచ్చింది. ముందుకు వంగారు, పగ్గాలు కురచయ్యాయి, మోకాళ్ళు లేచాయి. బంటీకి కూడా గుర్తొచ్చింది.

రెండో చుట్టులో ఆవిడ పడ్డారు. ఇసుక మీద పడ్డారు, హెల్మెట్ ఉంది, మణికట్టు బెణికింది, పది రోజులు కట్టు. హెల్మెట్ నేలకి తగిలింది కాబట్టి పైకి ఏమీ కనపడకపోయినా అది ఇక పనికిరాదు, కొత్తది కొనాలి. చాలామంది ఈ ఒక్కటీ వాయిదా వేస్తారు, వేయకండి.

ఆ సాయంత్రం నోట్‌బుక్ తీస్తే మొదటి పేజీ కింద గీత గీసిన సామెత నన్ను చూసి నవ్వింది. ఏడు వారాలు గుర్రానికి నేర్పాను. గుర్రం నా ఒంటిని చదవడం నేర్చుకుంది. ఆవిడ ఒళ్ళు చెప్పేది మాత్రం జులైలో చెప్పిందే. పైగా ఇప్పుడు దాని చెవులు ఇంకా చురుకయ్యాయి, చిన్న మాటకి కూడా పలుకుతోంది. ఆవిడేమో భయంతో పెద్దగా అరుస్తున్నారు.

రౌతు వంతు

చెయ్యి తగ్గాక ఆవిణ్ణి బంటీ దగ్గరికి తీసుకెళ్ళలేదు. నా దగ్గర లక్ష్మి అని పద్దెనిమిదేళ్ళ మార్వారీ ఆడగుర్రం ఉంది. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగులుతుంటాయి, పిల్లలు చూసి మురిసిపోతారు. దాని పక్కన బాణాసంచా పేల్చినా కదలదు. లంజ్ తాడు నా చేతిలో, పగ్గాలు ముడేసి జూలు మీద, రికాబులు తీసేశాం. వారానికి నాలుగు రోజులు, పొద్దున ఇరవై నిమిషాలు, కుడికీ ఎడమకీ సమంగా.

మొదటి రోజే దొరికింది అసలు ముడి. ట్రాట్ మొదలవగానే ఆవిడ ఊపిరి బిగపడుతున్నారు. "ఊపిరి తీసుకోండి" అంటే తీసుకుని మళ్ళీ బిగపడతారు. అందుకని పదమూడో ఎక్కం పైకి చెప్పమన్నాను. నవ్వారు. "చిన్నప్పుడు ఏడో తరగతిలో దీనికే దెబ్బలు తిన్నాను సార్" అన్నారు. మొదలుపెట్టారు. పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవై ఆరు... పదమూడు నాలుగుల యాభై రెండు దాకా గొంతు మామూలుగానే ఉంది. గేటు వైపు మూల రాగానే మాట ఆగిపోయింది. ఆ గుర్రం మీద ఆ మూలలో భయపడాల్సింది ఏమీ లేదు, అయినా ఆగిపోయింది. గొంతు ఆగిన చోటే నడుం బిగుసుకుంది, నడుం బిగుసుకోగానే లక్ష్మి లాంటిది కూడా చెవి తిప్పి అడుగు తడబడింది. "అక్కడే, మేడమ్. ఇప్పుడు మీకేం తెలిసింది?" అని అడిగాను. "తొడలు రాయిలా అయ్యాయి" అన్నారు. అప్పటిదాకా ఆ సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. తొమ్మిదో రోజుకి పదమూడు ఏడుల తొంభై ఒకటి ఆ మూలలోనే, ఆగకుండా, కొంచెం విసుగ్గా చెప్పారు. ఆ విసుగు విని నాకు హాయిగా అనిపించింది.

పగ్గాల పని నేల మీద చేశాం. కళ్ళెం ఇనుము రెండు చివరలూ నేను పట్టుకుని కళ్ళు మూసుకున్నాను, పగ్గాలు ఆవిడ పట్టుకున్నారు. నేనే గుర్రం. నడకలో, కాంటర్‌లో గుర్రం తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, రౌతు మోచేతులు దాంతో పాటు తెరుచుకుని మూసుకోవాలి. ట్రాట్‌లో తల నిలకడగా ఉంటుంది, చేతులూ నిలకడగా ఉండాలి. ఆవిడ సరిగ్గా దీనికి తిరగేసి చేస్తున్నారు. నడకలో చేతులు బిగించి నోరు లాగుతున్నారు, ట్రాట్‌లో తన ఒళ్ళు లేచినప్పుడల్లా చేతులు కూడా లేపుతున్నారు. తర్వాత పాత్రలు మార్చాం. ఇనుము ఆవిడ చేతిలో పెట్టి, నేను ఆవిడ చేసినట్టే పగ్గాలు లాగాను. ఆవిడ చేతులు వాటంతటవే నాకు ఎదురు లాగాయి. "అరే, నేను కూడా లాగుతున్నాను!" అన్నారు. ఎవరైనా లాగుతారు.

కూర్చునే తీరు గురించి పుస్తకాల్లో చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలంటారు. నిజమే, కానీ ఆ గీత కోసం బిగుసుకుపోతే లాభం లేదు. నేను ఆవిణ్ణి అడిగింది ఒకటే: ఇప్పుడు కింద నుంచి గుర్రాన్ని మాయం చేస్తే మీరు పాదాల మీద నిలబడతారా, ముక్కు మీద పడతారా, కూలబడతారా? రికాబులు రెండు రంధ్రాలు పొడుగు చేశాం. అప్పటిదాకా ఆవిడవి దాదాపు జాకీ రికాబులే, క్లబ్బులో ఎవరూ మార్చలేదట. కాలు పొడుగవగానే మోకాలు కిందికి దిగి, తొడ జీనుకి పరుచుకుంది. అడుగు లయకి లేస్తూ కూర్చునే రైజింగ్ ట్రాట్‌లో గుర్రం బయటి భుజం ముందుకు వెళ్ళినప్పుడు లేవాలి. అది భుజం చూడకుండా తుంటితో తెలియడానికి ఇంకో వారం పట్టింది.

లాక్కెళ్ళిపోతే ఏం చేయాలో కూడా ముందు నడకలో, తర్వాత ట్రాట్‌లో సాధన చేయించాను. వెనక్కి కూర్చో, ఊపిరి వదులు, లోపలి పగ్గం తెరిచి వలయంలోకి మళ్ళించు, వలయాన్ని మెల్లగా చిన్నది చేస్తూ రా. మంచి వేగంలో ఉన్న గుర్రాన్ని ఒక్కసారిగా తిప్పితే కాళ్ళు తట్టుకుని పడిపోతుంది, ఇద్దరికీ ప్రమాదం. పిండి వదలాలి, మళ్ళీ పిండి వదలాలి. పట్టుకుని ఉండిపోకూడదు.

దసరా తర్వాత

ఆయుధపూజ నాడు సాయిస్ జీనుకీ కళ్ళేనికీ పసుపు కుంకుమ పెట్టి, బంటీ మెడలో బంతిపూల దండ వేశాడు. సగం దండ బంటీ తినేసింది. రెండు రోజుల తర్వాత ఆవిడ మళ్ళీ దాని మీద ఎక్కారు. ఈసారి లంజ్ తాడు ఉంది, పగ్గాలు ముడేసి ఉన్నాయి, మెడకి పట్టుకోవడానికి తోలు పట్టీ ఉంది. మొదటి రెండు రోజులు నడకే. పీట దగ్గర బంటీ కదలకుండా నిలబడింది. నేలమీద చేసిన నాలుగు వారాల్లో ఏదీ వృథా పోలేదని అప్పుడు అనిపించింది.

గేటు మూల రానే వచ్చింది. బంటీ చెవులు నిక్కాయి, మెడ కొంచెం లేచింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఎక్కమే. నడుం వదులుగా ఉంది. బంటీ ఒక చెవి వెనక్కి తిప్పి విన్నట్టే విని, ముక్కుతో బుర్రుమని ఊది, తల దించుకుని మూల దాటింది.

పన్నెండో వారం చివర తాడు తీశాం. పదమూడో వారంలో కాంటర్. పద్నాలుగో వారం నేను లక్ష్మి మీద, ఆవిడ బంటీ మీద ఊరి బాటలో రెండు కిలోమీటర్లు వెళ్ళాం. ఎదురుగా గేదెలు వచ్చాయి, వెనక ఆటో హారన్ కొట్టింది. బంటీ పక్కకి గెంతింది, ఆవిడ ముందుకు వంగబోయి, తనే తెలుసుకుని వెనక్కి కూర్చుని పెద్దగా ఊపిరి వదిలారు. నాలుగు అడుగుల్లో నడకలోకి వచ్చింది. ఆటోవాడు మాత్రం ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు.

తేలనివి కొన్ని ఉన్నాయి. ఎడమ వైపు వలయంలో కాంటర్ ఎత్తుకునేటప్పుడు పదిసార్లలో మూడు నాలుగు సార్లు బంటీ కుడి కాలుతోనే బయల్దేరుతుంది. చాలా కాలం ఒక వైపే తిరిగి పరిగెత్తిన గుర్రం ఒళ్ళు సమంగా కావడానికి ఏడాదైనా పట్టొచ్చు. పక్కన ఇంకో గుర్రం దౌడు తీస్తే దానితో పందెం వేయాలన్న బుద్ధి ఇంకా పోలేదు. పోతుందని నేను మాటివ్వలేదు. అందుకని ఆవిడ గుంపు స్వారీలకి ఇంకా వెళ్ళట్లేదు. ఖర్చు కూడా దాచడం మంచిది కాదు: డాక్టరు, మందు, పళ్ళు, జీను అన్నీ కలిపితే గుర్రాన్ని కొన్న ధర దాటిపోయింది.

నిన్న రాత్రి ఆవిడ ఫోన్ చేశారు. గర్త్ బిగిస్తుంటే బంటీ మళ్ళీ చెవులు వెనక్కి పెడుతోందట. పుండ్లు తిరగబెట్టాయేమోనని ఆవిడ కంగారు. మూపు వెనక ఫొటో తీసి పంపమన్నాను. జులైలో గుంటలు పడ్డ చోట ఇప్పుడు రెండు వైపులా కండ నిండుగా పొంగి ఉంది. సన్న వీపుకి సరిపెట్టిన జీను దానికి బిగుతైపోయింది. జీను కుట్టే అతన్ని వెంటబెట్టుకుని ఆదివారం వస్తానన్నాను, అప్పటిదాకా ఎక్కొద్దన్నాను. "సరే సార్, నేల మీద చేసుకుంటాను" అన్నారు.